పదిహేడో నంబరు పని

బుధవారం జరగబోయే సభలో ఎవరు ఏం మాట్లాడారో సావిత్రమ్మ సోమవారమే టైపు కొట్టేస్తుంది. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఆ నగరసభలో ఏళ్ల తరబడి అదే పద్ధతి. సభలో జరిగింది రాసుకునే కాగితాన్ని అక్కడ కన్నడంలో నడావళి అంటారు. న్యాయంగా అయితే అది సభ అయ్యాక రాయాలి. కానీ సభ అయ్యాక మెంబర్లు దొరకరు. ఖారాబాత్, కేసరీబాత్ టిఫిను పొట్లాలు అందుకున్నాక ఒక్కరూ కుర్చీలో నిలవరు. అందుకని ముందే కొట్టి ఉంచుకుని, ఒక చేత్తో పొట్లం ఇస్తూ ఇంకో చేత్తో సంతకం పెట్టించుకుంటారు. "సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అనే వాక్యాన్ని సావిత్రమ్మ వేళ్లు ఆమెను అడక్కుండానే కొట్టుకుపోతాయి.

అది 2002 మార్చి. కన్నడ నాట, పీణ్య ఫ్యాక్టరీల వెనకాల ఉన్న ఆ నగరసభలో సేవల మెరుగుదల కార్యక్రమం అని ఒకటి ముప్పై ఎనిమిది పనులతో నడుస్తోంది. మోరీలు, కుళాయిలు, వీధిదీపాలు, కక్కూసులు. పనులు ఎలా సాగుతున్నాయో చూడటానికి ఒక పరిశీలన సమితి. ఆ సమితి చూసేది పనులను కాదు, పనుల జాబితాను. ప్రతి పని ఎదురుగా "నడుస్తోంది" అనో "పూర్తి" అనో ఉంటుంది. నెలాఖరుకు ఈ ఏటి కార్యక్రమం ముగుస్తుంది. "నడుస్తోంది" అన్న పని వచ్చే ఏడాదికి ఎక్కుతుంది. "పూర్తి" పడిన పని ఫైలు కట్టేసి బీరువాలో పడేస్తారు. ఆ తర్వాత దేవుడు దిగివచ్చి అడిగినా దాన్ని విప్పరు.

ఆ సోమవారం మేనేజరు నాగప్ప చేతిరాత జాబితా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ముప్పై ఎనిమిదింటికీ "పూర్తి" అనే ఉంది. సావిత్రమ్మ కళ్లద్దాలు సర్దుకుని, పదిహేడో నంబరు దగ్గర వేలు పెట్టి ఆగింది.

"సార్, ఇది సున్నపుబట్టీ కాలనీ ఆడోళ్ల కక్కూసు కదా. పోయిన నెల నడుస్తాండాది అని కొట్టినా."

"పోయిన నెల నడిచింది, ఈ నెల ముగిసింది. ఫోటో చూడమ్మా, ఎంత జోరుగా ఉండాదో."

ఫోటో నిజంగానే జోరుగా ఉంది. తెల్లటి టైల్సు గోడ, వరసగా ఆరు నీలిరంగు తలుపులు. పైన బోర్డు మీద అధ్యక్షురాలు గంగరత్నమ్మ పేరు, దాని పక్కన ఆమె మొగుడు పెద్దమునియప్ప పేరు ఇంకా లావు అక్షరాల్లో. సావిత్రమ్మ ఫోటో పక్కన పెట్టి కార్బన్ కాగితాలు సర్దుకుంది.

మధ్యాహ్నం చౌడమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. ఆఫీసు ఊడ్చేదీ, కడిగేదీ ఆమే. ఇల్లు ఆ సున్నపుబట్టీ కాలనీలోనే. సావిత్రమ్మ ఫ్లాస్కు మూతలోకి కాఫీ వంచి చాపింది.

"నాకొద్దక్కా."

"రోజూ ఒద్దంటావు. నా కాఫీ అంత చేదుగా ఉంటాదా ఏమి?"

"అట్ల కాదక్కా. తాగితే పోవాల కదా. యాడికి పోదును? పొద్దున తెల్లారకముందు ఒగసారి, సాయంత్రం దీపాలు పెట్టినంక ఒగసారి, ఆ పెద్ద మోరీ గట్టుకు. నడుమ నోరు కట్టుకోవాల్సిందే."

"ఇక్కడ మెంబర్లది ఉండాది కదే."

"కడిగేదానికి తాళం ఇస్తాడు నాగప్ప సారు. కడిగినంక తీసుకుంటాడు." ఆ మాట చెప్పడంలో చౌడమ్మకు కోపం లేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా చెప్పి, బల్ల కిందికి చీపురు పోనిచ్చింది. పెదవులు ఎండి తోలు లేచి ఉన్నాయి. మూత్రంలో మంటని పోయిన నెల రెండు రోజులు రాలేదు కూడా.

"మీ కాలనీలో కట్టేసినారంట కదా. ఇదో ఫోటో," అంది సావిత్రమ్మ.

చౌడమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోటో అందుకుని చూసింది. "అవునక్కా. తలుపులు బాగుండాయి."

"మరి వాడుకోకుండా?"

"తలుపులేనక్కా ఉండేది."

సావిత్రమ్మకు అర్థం కాలేదు. ఐదున్నరకు టైపు మిషన్ మీద గుడ్డ కప్పి, ఇంటికి పోయే బస్సు వదిలేసి, చౌడమ్మ వెంట కాలనీకి నడిచింది. ముప్పై రెండు రేకుల ఇళ్లు. ఇళ్ల వెనక పెద్ద మోరీ నల్లగా, లావుగా పారుతోంది. ఫ్యాక్టరీల నీళ్లూ ఊరి నీళ్లూ కలిసిన ఆ కంపుకు సావిత్రమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చౌడమ్మ అడ్డం పెట్టుకోలేదని చూసి సిగ్గేసి తీసేసింది.

కక్కూసు రోడ్డు వైపుకు తిరిగి, ఫోటోలో ఉన్నట్టే ఉంది. సావిత్రమ్మ మొదటి తలుపు గొళ్లెం తీసి లాగింది. రాలేదు. తోసింది. కదల్లేదు. రెండో తలుపూ అంతే. కిందికి వంగి చూస్తే అప్పుడు తెలిసింది. తలుపు వెనక ఇటుకల గోడే ఉంది. ఆరు తలుపులూ గోడకు స్క్రూలు పెట్టి బిగించారు. పటాలు తగిలించినట్టు తగిలించారు. గోడ వెనక్కి పోయి చూస్తే గుంత లేదు, గొట్టం లేదు, గది లేదు. విరిగిన ఇటుకలు, ముళ్ల చెట్లు, వాటిలో పొర్లుతున్న ఒక పంది.

"ఆడోళ్లందరూ ఏమీ అనలేదా?"

"మునిస్వామి కాంట్రాక్టరు చెప్పినాడక్కా. లోపల పని వచ్చే నెల అన్నాడు. అది ఎండాకాలం. మళ్లా వానాకాలం అయిపాయె."

సావిత్రమ్మ ఆ గోడ నుంచి ఒకడుగు వెనక్కి వేసింది. మోరీ కంపుకు కాదు. పొద్దున తన వేళ్లతో తానే ఈ గోడను "పూర్తి" అని కొట్టింది. మిగిలిన ముప్పై ఏడింటిలో గోడకు బిగించిన తలుపులు ఎన్నో ఎవరికి తెలుసు? ఎన్నడైనా పోయి చూసిందా తను? చీ, ఏం బతుకు అనుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఆ రోత ఆమెను వదల్లేదు. ఇంటికి పోయి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వచ్చి నడావళి నాలుగో పేజీ చించేసి కొత్త కాగితం ఎక్కించింది. పదిహేడో పని దగ్గర "పూర్తి" తీసేసి ఇలా కొట్టింది: "ఈ పని పూర్తయినదీ లేనిదీ సమితి స్వయంగా చూసి నిర్ణయించవలెను. అందుకై రాబోయే సోమవారం సమితి తదుపరి సభను అధ్యక్షురాలి సమక్షంలో సున్నపుబట్టీ కాలనీలో, సదరు కక్కూసు ఎదుట జరపవలెనని సుదీర్ఘంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." రెండేళ్లలో రిటైరు కావాల్సిన మనిషి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక కామా కూడా సొంతంగా పెట్టి ఎరగదు.

బుధవారం సభ పద్నాలుగు నిమిషాలు జరిగింది. అధ్యక్షురాలి కుర్చీలో ఎప్పటిలాగే పెద్దమునియప్ప కూర్చున్నాడు. ఆడవాళ్లకు రిజర్వు అయిన కుర్చీ కాబట్టి గంగరత్నమ్మను గెలిపించుకున్నాడు గానీ, ఆమెను గడప దాటనిచ్చింది లేదు. పన్నెండు మంది మెంబర్లలో ఇద్దరు స్థలాల బేరం మాట్లాడుకుంటున్నారు, ఒకాయన కొత్త సెల్‌ఫోన్ ఎలా పనిచేస్తుందో అందరికీ చూపిస్తున్నాడు. నాగప్ప కాగితాల కట్ట తిప్పుతూ, "ఇక్కడ సార్, ఇక్కడ సార్," అని వేలు చూపించిన చోటల్లా సంతకాలు పడ్డాయి. నాలుగో పేజీ మీద ఒకాయన కేసరీబాత్ నెయ్యి మరక పడింది. ఎవరూ చదవలేదు. చదువుతారేమోనని భయపడిన సావిత్రమ్మకు, చదవకపోయేసరికి భయం పోయి అసహ్యం మిగిలింది. చివరకు పెద్దమునియప్ప పెన్ను అందుకుని పేజీకొకసారి "గంగరత్నమ్మ" అని గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో పెళ్లాం పేరు రాసుకుంటూ పోయాడు.

సంతకాల తడి ఆరకముందే సావిత్రమ్మ కాపీ తీసుకుపోయి తపాలా గుమాస్తా దగ్గర నంబరు వేయించి జిల్లా ఆఫీసుకు పంపేసింది.

శుక్రవారం మధ్యాహ్నం నాగప్ప తన గదిలోంచి బయటికి వచ్చాడు. ముఖంలో రక్తం లేదు.

"జిల్లా నుంచి నర్సింహులు సారు ఫోను చేసినాడు. మీ సమితి పనికాడికే పోయి సభ పెట్టడం శానా మంచి పద్ధతి, నేనూ వస్తా అంటాడు. ఏం పద్ధతమ్మా అది? ఎవరు పెట్టమన్నారు?"

"మీరందరూ తీర్మానం చేసినారు కదా సార్. సంతకాలు ఉండాయి."

నాగప్ప నాలుగో పేజీ తీసి చదివాడు. మొదటిసారి చదివాడు. చదువుతుండగా మెడ మీద నరాలు లేచాయి. పది నిమిషాల్లో పెద్దమునియప్ప కారు వచ్చి ఆగింది. ఆయన లోపలికి వచ్చి ఆమె బల్ల ఎదురుగా నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. గొంతు పెంచే మనిషి కాదాయన.

"ఎన్నేళ్లు ఉండాది నీకింకా, సావిత్రమ్మా?"

"రెండు."

"రెండేండ్లు సుమ్మనే నోరు మూసుకుని ఉండి ఇంటికి పోయింటే బాగుండేది కదమ్మా. పింఛను కాగితాలు మా ఆఫీసు నుంచే పోవాల. తొందర పడినావు." తర్వాత నాగప్ప వైపు తిరిగాడు. "రద్దు చేయడానికి లేదా అప్పా?"

"జిల్లాకు పోయింది సార్. ఆ సారు వస్తా అన్నాడు. అధ్యక్షురాలి సమక్షంలో అని కూడా ఉండాది. మేడమ్ గారు రావాల."

పెద్దమునియప్ప నాలుగో పేజీ మడిచి నాగప్ప చేతిలో పెట్టాడు. "సరే. పెడదాం సభ. షామియానా వేసి, జబర్దస్తుగా పెడదాం. కళ్లారా చూసినామని రాసుకుంటే ఇంకా గట్టిగా ఉంటాది కదా." ఆ మాట విని నాగప్ప ముఖంలోకి రక్తం మళ్లీ వచ్చింది. చూస్తే తెలుస్తుందనుకుంది సావిత్రమ్మ. చూసి కూడా అబద్ధం రాస్తారని ఆమెకు తోచలేదు. ఇంతకాలం చూడకుండా రాసేవారు, ఇప్పుడు చూసి రాస్తారు. దానికి దారి చూపించింది తనే.

సోమవారం పొద్దున కాలనీ గుర్తుపట్టలేనట్టుగా ఉంది. దారి పొడవునా బ్లీచింగ్ పౌడరు గీతలు. ఎర్ర పట్టీల షామియానా. మురికి కనపడకుండా పరిచిన తివాసీ మీద ప్లాస్టిక్ కుర్చీలు. కాంట్రాక్టరు మునిస్వామి స్వయంగా ఒక డబ్బాతో తిరుగుతూ గాలిలోకి అత్తరు కొడుతున్నాడు. ఆ అత్తరూ బ్లీచింగూ మోరీ కంపూ కలిసి, విడిగా ఉన్న మోరీ కంపే నయమనిపించేలా ఉంది. కాలనీ ఆడవాళ్లను ఇళ్లలోంచి బయటికి రావద్దన్నారు. చౌడమ్మ ఒక్కతి తెల్లవారుజాము నుంచి ఊడ్చింది, కుర్చీలు తుడిచింది. మజ్జిగ గ్లాసులు వచ్చాక మాత్రం నాగప్ప, "నువ్వు ముట్టకు, పక్కకు ఉండు," అన్నాడు. ఆమె పోయి గుంజ పక్కన నిలబడింది.

సావిత్రమ్మను మిషన్‌తో సహా ఆటోలో తెచ్చారు. ఏదైనా అక్షరం మార్చాలంటే అక్కడే కొట్టడానికి. ఈసారి నడావళి నాగప్ప నోటితో చెప్పి, పక్కన నిలబడి ఒక్కొక్క మాటా చూసుకుంటూ కొట్టించాడు. "పదిహేడో నంబరు పనిని సమితి కళ్లారా చూసి, సంతృప్తి చెంది, పూర్తయినట్టు ధ్రువీకరించడమైనది." ఆ కట్ట ఇప్పుడు ఆయన చంకలోనే ఉంది.

పదిన్నరకు గంగరత్నమ్మ కారు దిగింది. లావుపాటి మనిషి, ఆకుపచ్చ పట్టుచీర, ముక్కుకు రెండు పక్కలా బేసరలు. అందరూ లేచి నమస్కారాలు పెడుతుంటే ఎవరికి తిరిగి పెట్టాలో తెలియక మొగుడి ముఖం చూసింది. ఆయన చూపించిన కుర్చీలో కూర్చుంది. నర్సింహులు సారు రాలేదు. దారి తెలియక హైవే దగ్గర ఆగిపోయాడని ఫోను వస్తే, గంగరత్నమ్మ వచ్చిన కారునే పంపించారు. పదకొండయింది. పదకొండున్నరయింది. ఎండకు షామియానా కింద పెనంలా కాలుతోంది. గంగరత్నమ్మ ఒక గ్లాసు మజ్జిగ తాగింది, ఒక కొబ్బరిబొండం తాగింది, మళ్లీ ఇంకో గ్లాసు మజ్జిగ తాగింది. ఆమెకు షుగరు ఉందని సావిత్రమ్మకు తెలియదు. కాసేపటికి ఆమె కుర్చీలో అటూ ఇటూ జరగడం మాత్రం చూసింది.

గంగరత్నమ్మ మొగుడి వైపు వంగి చెవిలో ఏదో చెప్పింది.

"పది నిమిషాలు ఓర్చుకో," అన్నాడు పెద్దమునియప్ప, నవ్వు చెదరకుండా.

పది నిమిషాలయింది. మళ్లీ వంగింది. "కారు రానీ. ఇంటికి పోదువు," అన్నాడాయన.

"నావల్ల కాదు," అంది ఆమె. ఈసారి చెవిలో కాదు, మామూలు గొంతుతోనే. "ఆడోళ్ల కక్కూసు ముందర కూర్చోబెట్టి, ఓర్చుకో అంటావేమి?"

లేచి తివాసీ మీద నడుచుకుంటూ నీలిరంగు తలుపుల దగ్గరికి పోయింది. మునిస్వామి పరుగెత్తి ముందుకొచ్చాడు. "అక్కా, అక్కా, పెయింటు ఆరలేదక్కా." ఆమె తలుపు మీద అరచెయ్యి పెట్టి, చూసుకుంది. చేతికి ఏమీ అంటలేదు. గొళ్లెం తీసి లాగింది. తోసింది. పక్క తలుపు దగ్గరికి పోయింది. "దానికి తాళం నాగప్ప సారు దగ్గర..." అని మునిస్వామి నీళ్లు నమిలాడు. ఆమె ముందుకు పోయింది. మూడోది, నాలుగోది, ఐదోది, ఆరోది. ఆరు గొళ్లేలూ తీసింది, ఆరు తలుపులూ తోసింది. ఆరోదాని దగ్గర ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని నిలబడిపోయింది. అధ్యక్షురాలి పేరు రాసిన బోర్డు సరిగ్గా ఆమె తల మీద ఉంది.

పన్నెండు మంది మెంబర్లలో ఒక్కరు కూడా ఆ వైపు చూడలేదు. చూడకుండా ఉండటం మర్యాద అన్నట్టు అందరూ ఎక్కడెక్కడో చూశారు.

గుంజ పక్క నుంచి చౌడమ్మ వచ్చింది. "రాండమ్మా," అంది. "మేము పోయే తావుకే. ఇంగ యాడా లేదు."

సావిత్రమ్మ కూడా లేచి వెంట నడిచింది. దారిలో చౌడమ్మ తన ఇంట్లోకి దూరి ఒక పాత దుప్పటి, ఒక చెంబు నీళ్లు తెచ్చుకుంది. మోరీ గట్టు మీద నడవడానికి వీల్లేదు. అడుగు పెట్టే చోటల్లా ముప్పై రెండు ఇళ్ల అసహాయత పడి ఉంది. గంగరత్నమ్మ పట్టుచీర కుచ్చెళ్లు రెండు చేతుల్తో మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, చౌడమ్మ అడుగుల్లో అడుగు వేసింది. ముళ్ల చెట్టు చాటున ఒక చోట చౌడమ్మ ఆగింది. అవతల గట్టు మీదే లారీల రోడ్డు. చీకటి వేళ అయితే కనపడదు, పట్టపగలు అన్నీ కనపడతాయి. ఇద్దరూ దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, ముఖాలు పక్కకు తిప్పుకుని నిలబడ్డారు. అవతల ఒక లారీ నెమ్మదించింది. క్లీనరు తల బయటికి పెట్టి ఈల వేశాడు. డ్రైవరు హారను కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు, ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. ఒక పంది గుర్రుమంటూ దగ్గరికొచ్చింది. చౌడమ్మ దుప్పటి వదలకుండానే కాలితో ఒక రాయి దాని మీదికి తన్నింది.

"రోజూ ఇట్లేనా?" అని దుప్పటి వెనక నుంచి గొంతు వచ్చింది.

"పగలు మేము రాము తల్లీ. ఓర్చుకుంటాం," అంది చౌడమ్మ.

లేచి వచ్చేసరికి గంగరత్నమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. చౌడమ్మ చెంబులో మిగిలిన నీళ్లు ఆమె కాళ్ల మీద పోసింది. కుచ్చెళ్ల అంచుకు అంటింది పోలేదు. ముగ్గురూ వెనక్కి వచ్చారు. అప్పటికి కారు వచ్చి ఉంది. నర్సింహులు సారు కుర్చీలో కూర్చుని బొండం తాగుతున్నాడు. రాయచూరు వైపు మనిషి, బక్కగా, చొక్కా జేబులో నాలుగు పెన్నులు.

"ఎక్కడికి పోయినారు మేడమ్?" అని నవ్వుతూ అడిగాడు.

"కాలనీ చూసేదానికి పోయింది సార్. జనం మీద శానా ప్రేమ," అన్నాడు పెద్దమునియప్ప.

కంపు కొడుతున్న చీర అంచును కుర్చీ కిందికి తోసుకుని కూర్చుంది గంగరత్నమ్మ. సావిత్రమ్మ ఆమె నోటి వంకే చూస్తోంది. చెప్పు తల్లీ, ఒక్క మాట చెప్పు. కానీ ఏమని చెబుతుంది? ఇంతమంది మగవాళ్ల ముందు, నేను మోరీ గట్టుకు పోయి వచ్చాను, లారీవాళ్లు ఈల వేశారు అని చెబుతుందా? ఈ దొంగలకు కాపలా కాస్తున్నది పోలీసులూ కాదు, పలుకుబడీ కాదు, ఆడదాని సిగ్గు.

నాగప్ప కట్ట తీశాడు. "ఇక్కడ సార్, ఇక్కడ సార్." పన్నెండు సంతకాలు పడ్డాయి. పెద్దమునియప్ప అలవాటుగా పెన్ను మూత తీశాడు.

"నాకియ్యి," అంది గంగరత్నమ్మ.

"నీకెందుకు?"

"నా పేరే కదా." చెయ్యి చాపి కట్ట లాక్కుంది. "సావిత్రమ్మా, పదిహేడు యాడుండాది? చదువు."

సావిత్రమ్మ వంగి, "కళ్లారా చూసి, సంతృప్తి చెంది..." అని చదివింది. గంగరత్నమ్మ విన్నది. పెన్ను పట్టుకుని, బడిపిల్లలా ఒక్కొక్క అక్షరం ఒత్తి ఒత్తి, కన్నడంలో ఆ వాక్యం కిందే రాసింది. "తలుపులు తెరుచుకోవు. వెనక గది లేదు." దాని కింద గంగరత్నమ్మ అని పెట్టింది. వరస తప్పి, ఒక అక్షరం పెద్దదీ ఒకటి చిన్నదీగా పడ్డాయి.

నర్సింహులు ఆ పేజీ అందుకుని చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నాగప్ప దగ్గరున్న పాత ఫైలు అడిగి తీసుకుని, పక్కన పెట్టి పోల్చాడు. నిజంగా తలుపుల వైపు చూస్తాడేమోనని సావిత్రమ్మ అనుకుంది. ఆయన తల తిప్పలేదు.

"ఈ సంతకం సరిపోలేదే," అన్నాడు. "ఫైల్లో ఉండేది వేరే. ఇది చెల్లదు."

"షుగరు సార్ ఆమెకు, చెయ్యి వణుకుతాది," అని పెద్దమునియప్ప ఇంకో కాపీ లాక్కుని, అందరూ చూస్తుండగానే గుండ్రంగా, ముత్యాల్లా పెళ్లాం సంతకం పెట్టి ఇచ్చాడు.

నర్సింహులు రెండూ పోల్చి చూశాడు. "ఆఁ, ఇది సరిపోయింది," అన్నాడు.

గంగరత్నమ్మ తన వేళ్ల మీది ఇంకు మరకను చూసుకుంటూ ఉండిపోయింది. సావిత్రమ్మకు మిగిలిన రెండేళ్ల సర్వీసు, పింఛను, అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా నోరు ఆగలేదు.

"సార్, ఒక మాట. ఆమె మీ కళ్లెదురుగానే సంతకం పెట్టినారు. అది చెల్లదు అంటారు. ఆమె మొగుడూ మీ కళ్లెదురుగానే పెట్టినాడు. అది సరిపోయింది అంటారు. అట్లయితే ఫైల్లో పాత సంతకాలన్నీ ఎవరివి సార్?"

చుట్టూ రేకుల ఇళ్ల గుమ్మాల్లో ఎప్పుడు వచ్చారో ఆడవాళ్లు వచ్చి నిలబడి ఉన్నారు. నర్సింహులు వాళ్లను చూశాడు, తన చేతిలోని రెండు కాగితాలను చూశాడు. తను ఇప్పుడే అన్న మాట ఎంతమంది విన్నారో లెక్క వేసుకుంటున్నట్టు ముఖం పెట్టాడు. నుదురు తుడుచుకున్నాడు. లేచి పెద్దమునియప్పనూ నాగప్పనూ పక్కకు పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడాడు. తిరిగి వచ్చి సావిత్రమ్మ ముందు నిలబడ్డాడు.

"చూడమ్మా. పదిహేడు పూర్తి కాలేదని కొట్టండి. మేడమ్ రాసిందే కొట్టండి. వచ్చే ఏడాదికి ఎక్కిద్దాం. ఇంక మిగిలిన ముప్పై ఏడూ సమితి చూసి ధ్రువీకరించిందని అదే పేజీలో కొట్టండి. కింద మేడమ్ సొంత చేత్తో సంతకం పెడతారు. ఇక మీదట అదే సంతకం చెల్లుబాటు. పాతవాటి సంగతి మీరూ అడగొద్దు, నేనూ అడగను. ఒప్పుకుంటారా, లేదా అన్నిటినీ పూర్తి అని పంపేదా?"

సావిత్రమ్మ గంగరత్నమ్మను చూసింది. ఆమె తల వంచుకుని మెల్లగా ఊపింది. ఎంత సులువుగా బేరం చేశాడు! ఒక్క నిజం కావాలంటే ముప్పై ఏడు అబద్ధాలకు చెయ్యి ఇవ్వాలి. తన చెయ్యీ, గంగరత్నమ్మ చెయ్యీ. ఇదివరకు గంగరత్నమ్మ పేరు మొగుడు దొంగిలించి వాడుకునేవాడు. ఇప్పుడు ఆమే సొంతంగా పెట్టి ఇస్తుంది. సావిత్రమ్మ మిషన్ ముందు కూర్చుంది. మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి, అంచులు తట్టి సమంగా చేసి, ఎక్కించింది. ముందు పదిహేడు కొట్టింది. తర్వాత మిగిలినవి. ఒకటో నంబరు మోరీ, పూర్తి. రెండో నంబరు కుళాయి, పూర్తి. వేళ్లు ఒక్కొక్క మీట మీద బురదలో దిగినట్టు దిగాయి. ముప్పై ఎనిమిది దాకా ఒక్క తప్పు లేకుండా కొట్టింది. మెంబర్లు మళ్లీ సంతకాలు పెట్టారు. గంగరత్నమ్మ వచ్చి ఒత్తి ఒత్తి సంతకం పెట్టింది.

పెద్దమునియప్ప పెళ్లాంతో ఒక్క మాట మాట్లాడకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. కార్లు పోయాయి. పొట్లాలు పోయాయి. షామియానా మనుషులు గుంజలు పీకసాగారు. చౌడమ్మ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ దగ్గరికొచ్చింది.

"ఏమాయెనక్కా? కట్టిస్తారంటనా?"

"కట్టిస్తామని రాయలేదు చౌడమ్మా," అంది సావిత్రమ్మ. "కట్టలేదని రాసినారు. అందరూ సంతకాలు పెట్టినారు."

చౌడమ్మ చేతిలోని కుర్చీని మిగతా వాటి మీద పెట్టింది.

"కట్టలేదని మాకు తెలుసు కదక్కా," అంది.